రబ్బరుకు నూనె తగలకూడదు

కామాఠిపుర అని చెప్పగానే పెదవి విరిచేవాళ్లను డెబ్బై ఏళ్లుగా చూస్తున్నాను. తట్టలు మోసి ఈ నగరాన్ని కట్టిన కామాఠీలనే మా తెలుగు కూలీ తాతల వల్ల వచ్చింది ఆ పేరు. అది ఎవరికీ పట్టదు. పక్క గల్లీల్లో ఒళ్లమ్ముకునే వ్యాపారం మాత్రం లోకమంతటికీ తెలుసు. సరే, తెలియనివ్వండి. కానీ ఏ సంగతి పేరు చెప్పి లోకం మమ్మల్ని ఎగతాళి చేసిందో, ఆ సంగతి గురించి మా చాళ్లలో, ఆ ఒంటిగది ఇళ్ల మిద్దెల్లో, మొగుడూ పెళ్లాలకు ఒక్క ముక్క కూడా తెలియదు. నేను నాలుగో తరగతితో బడి మానేసి, ఫోరస్ రోడ్డులో పాత పుస్తకాల బండి దగ్గర చదువుకున్నవాణ్ని. దేశదేశాల విప్లవాలన్నీ ఆ బండి మీద దొరికాయి. దీని గురించి ఒక్క పేజీ దొరకలేదు. అందుకని నేనే రాస్తున్నాను. సిగ్గుపడేవాళ్లు పేజీ తిప్పేయండి.

అవి ఎనభైలు. వర్లిలో ఒక మిల్లులో, దారం వడికే రింగ్ ఖాతా అనే విభాగంలో నా పని. రెండో పాళీ, అంటే రెండో షిఫ్టు, కాబట్టి మధ్యాహ్నం బయలుదేరేవాణ్ని. నా భార్య ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది. మూడో కాన్పులో ఆమె ప్రాణం మీదికి వచ్చింది. గుండె కవాటం బలహీనంగా ఉందని, ఇంకోసారి కడుపొస్తే తల్లి బతుకుతుందని చెప్పలేమని డాక్టరమ్మ నన్ను నిలబెట్టి చెప్పింది. ఆమెకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయడానికి కూడా గుండె ఒప్పుకోదట, నన్ను చేయించుకోమంది. అంతకు కొన్నేళ్ల ముందు సర్కారువాళ్లు మగవాళ్లను బలవంతంగా బళ్లలో ఎక్కించుకుపోయి ఆపరేషన్లు చేసిన రోజులు నా కళ్లతో చూశాను. ఆ భయంతో దాటేశాను. ఆ పిరికితనం నాదే, ఇంకొకరి మీద తోయను. డాక్టరమ్మ కాగితంలో చుట్టి రబ్బరు తొడుగులు ఇచ్చింది. ఎలా వాడాలో చెప్పింది. దేనితో వాడకూడదో చెప్పలేదు.

బిడ్డకు ఎనిమిదో నెల వచ్చినా ఇంకా తల్లిపాలే. పాలిచ్చే తల్లికి లోపల తడి ఆరిపోతుందని నాకు అప్పుడు తెలియదు. తెలిసిందల్లా ఆమె పళ్లు బిగించి గోడవైపు తిరగడం. ఒక్క గది ఖోలీలో ఐదుగురం. మాకు దొరికేది పెద్దపిల్లలిద్దరూ బడికి పోయి, చిన్నది చీర ఉయ్యాలలో నిద్రపోయే పొద్దుటి గంట. ఆ గంట కూడా ఆమెకు శిక్షే అయింది.

మా అంతస్తులో కాన్పులన్నిటికీ ఒక ముసలామె దిక్కు. అందరికీ పెద్దమ్మ. నా భార్య ఆమె చెవిలో బాధ చెప్పుకుంటే, పెద్దమ్మ నువ్వుల నూనె రాసుకొమ్మంది. పాలమూరు నుంచి ఎవరు తిరిగొచ్చినా ఒక డబ్బా గానుగ నూనె తేవడం మాలో ఆచారం. పసిపిల్లకు అదే, బాలింత నడుముకు అదే, కాలిన చేతికి అదే. ఊరి నూనె మీద మాకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. రాసుకున్నాం. నొప్పి తగ్గింది, తొడుగు చినిగింది.

నా భార్య లేచి కూర్చుని చాలాసేపు ఉయ్యాల వైపే చూసింది.

"నేను సస్తే వీళ్లకెవరు వండిపెడ్తరు? నువ్వా?"

నేను చినిగిన తొడుగును కాగితంలో చుట్టాను.

మా చాళ్లలో ముట్టయిన ఆడది తలుపు బయట వరండాలో గోనెపట్టా వేసుకుని కూర్చోవాలి. అంతస్తు అంతటికీ తెలియాలి! ఆ ఆచారాన్ని తిట్టిపోసిన నేను, ఆ నెల మెట్లెక్కుతున్న ప్రతిసారీ మా తలుపు ముందు ఆ గోనెపట్టా కనబడాలని మొక్కుకున్నాను. ఐదు రోజులు ఆలస్యంగా కనబడింది. దాని మీద కూర్చుని ఆమె జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నన్ను చూసి తలెత్తింది, అంతే. ఇక తన దగ్గరికి రావద్దని ఆ రోజే చెప్పేసింది. ఆమె తప్పేం లేదు.

తర్వాత మిల్లులో ఒక రోజు నూనె పోసే కొత్తవాడు చెయ్యి జారి సాంచా, అంటే వడికే యంత్రం, మీది రబ్బరు రోలర్ల మీద నూనె ఒలికించాడు. మా మేస్త్రి జాబర్ వాడి వంశాన్నంతా తిట్టాడు. రబ్బరుకు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడి పాడవుతుందని పదిహేనేళ్లుగా వింటున్న తిట్టే అది. కొత్తవాళ్లకు నేను కూడా చెప్పిన పాఠమే. ఆ పూట మాత్రం చేతిలోని కండె వదిలేసి అలాగే నిలబడిపోయాను. మిల్లు రబ్బరు మీద ఈగ వాలనివ్వని నేను, ఇంట్లో నా భార్య ప్రాణం నిలబడ్డ రబ్బరుకు చేతులారా నూనె రాశానే!

ఆదివారం మధ్యాహ్నం మా చాలు మిద్దె మీది గచ్చి ఎక్కాను. రెండు తొడుగులు ఊది మూతులు కట్టాను. ఒకదానికి నీళ్లు రాసి, రెండోదానికి నువ్వుల నూనె రాసి రుద్దుతూ కూర్చున్నాను. అప్పడాలు ఆరేయడానికి వచ్చిన పెద్దమ్మ ఆగి చూసింది.

"ముగ్గురు పిల్లల తండ్రివి, నీకేం బుగ్గలు బిడ్డా?"

చిన్నదాని ఆటకు బెలూన్లని బొంకాను. ఆమె మెట్లు దిగేలోపే నూనెది ఠాప్‌మని పేలింది. నీళ్లది సాయంత్రం దాకా అలాగే ఉంది.

ఫోరస్ రోడ్డు మందుల దుకాణానికి పోయి, నూనె కానిది ఏదైనా కావాలని గొణిగాను. అతను నవ్వి, ఈ పేటలో ఉండి ఇది కూడా తెలియదా అని నలుగురి ముందు అడిగి, పెదవులకు రాసే జిడ్డు మలాము డబ్బా చేతిలో పెట్టాడు. గచ్చి మీద అది రాసిన తొడుగు కూడా పేలింది. నా ఒళ్లు మండిపోయింది. వాడికీ తెలియదు, తెలియదని కూడా తెలియదు!

ఈ గొడవంతా నా భార్యకు చెప్పాను. ఆమె మిషను ఆపింది.

"నీ పుస్తకాలల్ల లేదు. దుకాణమోనికి తెల్వదు. తెలిసినామె మన మెట్ల కింద నిలవడి జాకిట్లు ఇచ్చిపోతది. ఆమెను నువ్వు పైకి రానియ్యవైతివి."

నిజమే. పక్క గల్లీలో ఒళ్లమ్ముకుని బతికే ఒక పెద్దావిడ నా భార్య దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. మా వైపు మనిషే, మా మాటే. అయినా గడప తొక్కనివ్వొద్దని హుకుం వేసినవాణ్ని నేనే. సమానత్వం మీద పుస్తకాలు చదువుతూనే వేశాను.

మర్నాడు ఆమెను నేనే పైకి పిలిచాను. వరండాలో ఇరుగుపొరుగు తలుపులు రెండు మూసుకున్నాయి. ఆమె చాప మీద ఒక మూలగా కూర్చుంది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. నా భార్య సంకోచపడకుండా అంతా చెప్పింది. ఆమె నవ్వుతుందేమోనని నేను చూశాను. నవ్వలేదు.

"నూనె వద్దు చెల్లె, జిడ్డు మలాం వద్దు. మా పోరీలు కొందరు సబ్బు నురుగు పెడ్తరు, మంట పుట్టి పుండైతది. ఉమ్మి ఊకెనే ఆరిపోతది. దవాఖానల డాక్టరమ్మ చేతి తొడుగుకు ఏం రాస్తదో చూసినవా? నీళ్లతోని చేసిన జెల్లి. అది అడుగు. ఏలికి రాసుకొని నల్ల కింద పెట్టు. జారిపోతే నీళ్లది, జిడ్డు నిలిస్తే నూనెది. చినగకుంటెనే కడుపు రాదు, రోగం రాదు."

ఇంత తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగవలసిన మాట కాదు.

"మా దగ్గరికి కొననీకె వస్తరు తమ్మీ. అడగనీకె ఎవరొస్తరు?"

ఆస్పత్రి సామాన్లు అమ్మే దుకాణం దాదర్‌లో ఉందని ఆమే చెప్పింది. మొగుడూ పెళ్లాలిద్దరం వెళ్లాం. నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని జెల్లి గొట్టం మీద నీళ్లు అన్న మాట కోసం వెతుకుతుంటే, నా భార్య గొట్టం లాక్కుని మూత తీసి వేలికి రాసుకుంది. మంచినీళ్లు అడిగి, దుకాణంవాడు నోరు తెరిచి చూస్తుండగా వేలు కడుక్కుంది.

"పోయింది. ఇదే తీస్కో."

గచ్చి మీద దాన్ని కూడా పరీక్షించాం, ఈసారి ఇద్దరం. బుగ్గ పేలలేదు. తర్వాతి సంగతి మా ఇద్దరిది. ఒక్కటి మాత్రం చెబుతాను. ఒక పొద్దున, పిల్లలు బడికి పోయాక, ఆమె గోడవైపు తిరగలేదు. ఇంకొంచెం రాయమని తనే చెప్పింది. అయ్యాక లేచి జుట్టు ముడేసుకుంటూ టీ పెట్టనా అని అడిగింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ సమయంలో ఆమె గొంతు అలా వినడం అదే మొదలు.

గోనెపట్టా నెలనెలా వేళకు కనబడుతూ వచ్చింది. రెండేళ్ల తర్వాత ధైర్యం చేసి నేను ఆపరేషను చేయించుకున్నాను. తొడుగుల అవసరం పోయింది. ఆ గొట్టం మాత్రం మా ఇంట్లో ఉంటూనే వచ్చింది. అది వట్టి భయం తీర్చే మందు కాదని ఆమె వాదన.

అసలు చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. మేం ఆ గొట్టం తెచ్చిన ఏడాదే మా అంతస్తులో ఇంకో పిల్ల ప్రసవించింది. పెద్దమ్మ మళ్లీ నూనె డబ్బా చేతికిస్తుంటే నా భార్య చూసింది. అంతస్తులో ఆడవాళ్లందరినీ గచ్చి మీదికి పిలిచింది. నన్ను రావద్దంది. నేను మెట్ల మలుపులో నిలబడి తొంగిచూస్తూ విన్నాను. నూనె బుగ్గ నా భార్య చేతిలో ఉంది. జెల్లి బుగ్గ పట్టుకుని కూర్చున్నది పక్క గల్లీ ఆవిడ. ఆమెను చూసి ఇద్దరు లేచి పోబోయారు, కానీ బుగ్గ ఏమవుతుందో చూడాలని ఆగిపోయారు. ఠాప్‌మంది. ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆగాక పెద్దమ్మ గొంతు నెమ్మదిగా వినబడింది.

"నలబై ఏండ్లు చెప్పిన గదనే నూనె రాయమని. ఎంతమందికి చెప్పినో."

తర్వాత ఆమె ఆ గల్లీ ఆవిడను ఇలా అడిగింది.

"ఇట్ల జరుగు బిడ్డా, నా పక్కకొచ్చి కూసో. ఆ నీళ్లది యాడ దొరుకుతది, చెప్పు."