రన్‌వే మీద కొబ్బరి పెంకు

దేవుడి విషయంలో మా బావను ఆపడం ఎవరి తరమూ కాదు. బహ్రెయిన్‌లో రన్‌వే ఊడ్చే జట్టుకు ఆయన సూపర్‌వైజర్, ఊడ్చే లారీకి నేను డ్రైవర్ని. ఇంజన్ గులకరాయిని మింగినా విమానానికి ముప్పేనని రోజూ మాకు నూరిపోసేది ఆయనే. అలాంటి మనిషి దసరా రోజు షెడ్డు ముందు లారీకి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఫెడీమని కొబ్బరికాయ కొట్టాడు. అది ముక్కలు ముక్కలైంది.

"ఏరుడు మన పనే, పారేసుడు గూడ మన పనేనా బావా?" అన్నాను.

"మీ అక్క గాల్ల ఉన్నది. నోరు మూసుకొని బండి తియ్యి."

నిజమే. మా అక్క మొదటిసారి విమానమెక్కింది, విజిట్ వీసా మీద. మొగుణ్ణి ఇన్నేళ్ళూ సెలవుల్లో చూడడమే తప్ప, ఆయన బతికే చోటు చూడలేదు. తెలుగు తప్ప మరో మాట రాదు. అందుకే ఆ కాయ లారీ కోసం కాదు, అక్క కోసమని నాకు తెలుసు.

పొద్దుటి నుంచీ షమాల్ గాలి. ఆ గాలి లేస్తే ఆకాశం మట్టిరంగుకు తిరుగుతుంది, రన్‌వే మీద ఇసుక పాములా పాకుతుంది. ఎన్నేళ్ళు ఊడ్చినా ఆ రన్‌వే నడిమధ్య నిలబడితే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఇంత చిన్న దీవిలో, చుట్టూ సముద్రం పెట్టుకుని, అంత బరువును దించుకునే నేల అది. గుళ్ళో కూడా నాకంత భయభక్తులు కలగవు.

ఊడ్చి పక్కకు వచ్చాం. రన్‌వే శుభ్రంగా ఉందని బావ రేడియోలో చెప్పేశాడు. నేను దిగి వెనక టైర్లు చూద్దును కదా, రెండింటి మధ్య కొబ్బరి పెంకు ఇరుక్కుని ఉంది. అంచు కొత్తగా విరిగింది. మిగతా ముక్క రన్‌వే మీదే ఎక్కడో పడి ఉండాలి.

బావకు చూపించాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికే అక్క విమానం దీపాలు మట్టిలోంచి కనిపిస్తున్నాయి. ఇప్పుడు ఆపితే మళ్ళీ పైకి పోవాలి. గాలి ముదిరితే సముద్రం అవతల సౌదీలోని దమ్మాంకు పంపేస్తారు.

"అక్క ఒక్కతే ఆడ ఏం చేస్తది బావా?" అన్నాను. ఏడుపొచ్చింది నాకు.

"ముందు బతకాలె గద" అన్నాడు. రేడియో అందుకుని, రన్‌వే బాగా లేదు, దింపొద్దు అని వచ్చిన ఇంగ్లీషులోనే మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

చక్రాలు చాపుకుని నేలదాకా వచ్చిన విమానం ఒక్కసారిగా ముక్కెత్తింది. ఆ హోరుకు నా పక్కటెముకలు అదిరాయి. మట్టి మబ్బును చీల్చుకుంటూ పైకి పోతున్న ఆ తెల్లటి పొట్టను నోరు తెరుచుకుని చూశాను. అందులో మా అక్క ఉంది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

తర్వాత అందరం ఒక వరసలో తలలు వంచుకుని నడిచాం. ముక్క బావకే దొరికింది, బొటనవేలంత ఉంది. ఆఫీసరు వచ్చి ఎవరిదని అడిగితే "నాదే" అన్నాడు. ఆ రోజు నుంచి సూపర్‌వైజర్ జీపు తాళం ఆయన చేతికి మళ్ళీ రాలేదు.

విమానం ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. ఎదురుగాలికి అటూ ఇటూ ఊగుతూ, చివరికి మేము ఊడ్చిన నేల మీద మెత్తగా ఆనింది. బావ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

సాయంత్రం గదిలో చాయ్ తాగుతూ అక్క చెప్పింది. "కిందికొచ్చినట్టే వచ్చి మల్ల పైకి పోయిందిరా. నా పానం పోయిందనుకున్న. సల్లగ దిగితే దిగిన కాడ్నే కొబ్బరికాయ కొడతనని మొక్కిన. రేపు నన్ను ఆడికి తోల్కపోండ్రి."

నేను బావ వైపు చూశాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నీ మొక్కు తీరింది. పొద్దుగాల్నే కొట్టిన" అన్నాడు.