ఎరవుకిచ్చిన ఎద్దు

“ఎరవు తెచ్చిన ఎద్దుకు కాలు వాస్తే మందు ఎవురు పెడతారప్పా?”

“ఎవురూ పెట్టరమ్మా.”

ఆ మాట అని అతను కృష్ణగిరిలో దిగిపోయాడు. మా మధ్య అవే చివరి మాటలు.

హోసూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. మోకాలు మడవలేక కాలు దారిలో చాపుకుంటే ఎక్కేవాళ్ళంతా తిట్టారు.

“ఏం పని చేస్తావప్పా?”

“ఫుట్‌బాల్ ఆడతానమ్మా. పోర్చుగల్, బెల్జియం, ఫిన్లాండ్, అన్నిచోట్లా ఆడినాను. నన్ను కొన్న క్లబ్బోళ్ళు ఇంకో క్లబ్బుకు కొన్నాళ్ళు ఎరవిస్తారు. మోకాలికి ఆపరేషన్ చేయించమంటే వాళ్ళనడుగు అని వీళ్ళు, వీళ్ళనడుగు అని వాళ్ళు. సంతకం పెట్టినాను, విడిచి వచ్చేదానికి లేదు. ఈ లీవు అయిపోతానే వచ్చే వారం మళ్ళా ఆడల్ల, తప్పదు.”

“మనిషిని ఎరవిస్తారా? ఎద్దా ఏమి?” అని నవ్వాను. అతనూ నవ్వాడు. నా నవ్వే ముందు ఆగిపోయింది.

ఆ రోజు పెద్దన్న నన్ను చిన్నన్న తోటకు మామిడికాయల పనికి పంపాడు. మా ఆయన పోయినప్పటి నుంచీ ఎవరింట్లో పనుంటే ఆ ఇంటికి పోతున్నాను. నా నడుం నొప్పికి ఆస్పత్రి అంటే మాత్రం ఇద్దరూ ఒకరి మీదికొకరు తోస్తారు. అందుకే దిగబోయేవాణ్ణి అలా అడిగాను.

ఏమ్మా, నేను చెప్పేది రాస్తా రాస్తా పెద్దన్న మాట రాగానే చెయ్యి ఆపినావే? మీ నాయనే అయినా రాయి. రాసి, మొదట్నుంచి నాకు చదివి వినిపించు.