సముద్రం తిప్పి పంపిన కొబ్బరికాయ

బొంబాయిలో చేపలమ్మే పోషీబాయి నోటికి బజారంతా జడిసేది. తెల్లదొరలు ఊరి మురుగంతా గొట్టాల్లో తెచ్చి, కోలీ జాలరులు పడవలు దింపే ఒడ్డునే సముద్రంలో కలిపినప్పటి నుంచీ ఆ నోరు మూతపడలేదు. "ఊరు కడుక్కోడానికి వీళ్లకి మా వాకిలే దొరికింది," అని బుట్ట దించినచోటల్లా తిట్టిపోసేది.

దొర గీసిన ఆ పథకానికి సరేనని చెయ్యెత్తిన కౌన్సిలర్ వల్లభ్‌రామ్ సేఠ్. చేపలవేట మొదలయ్యే నారళీ పున్నమినాడు ఆయన ఏమీ ఎరగనట్టు వచ్చి, బంగారు కాగితం చుట్టిన కొబ్బరికాయ సముద్రుడికి సమర్పించి వెళ్లాడు. సాయంత్రం పోటుకి అది మలం పూసుకుని ఒడ్డుకొచ్చింది. సముద్రుడికిచ్చింది మళ్లీ ముట్టకూడదని కోలీలంతా వెనక్కి తగ్గారు. పోషీబాయి మాత్రం దాన్ని చేపలబుట్టలో వేసుకుని, కొండమీదున్న సేఠ్ ఇంటికి నడిచింది.

"మీ కాయ సముద్రుడు వద్దన్నాడు సేఠ్."

సేఠ్ ముక్కు మూసుకున్నాడు. "ఛీ, దిగువకి పట్టుకెళ్లి పారెయ్."

"దిగువన మేమున్నాం సేఠ్," అని ఆమె కాయని ఆయన గడపమీద పెట్టి, ఆ ఇంటి కొత్త కుళాయి కిందే చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.