ఆముదం పూసిన కేబుల్

పట్టాభిరామన్‌కు సముద్రమంటే భయం. పుట్టింది ఉప్పళంలో. సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా మోకాలు దాటి తడవలేదు.

వాళ్ళ నాన్నది బజారులో నూనె కొట్టు. ఇంట్లో ఏది కిర్రుమన్నా ఆముదమే. తలుపు బందులకు, బావి గిలకకు, ఊయల గొలుసుకు. కొట్టు అన్నకు పోయింది. తమ్ముడు పట్టాభిరామన్ సైకిళ్ళు బాగుచేసుకున్నాడు. బ్రేకు తీగకూ ఆముదమే పూశాడు. బాగానే నడిచింది.

డెబ్బైల చివర పక్కనున్న జాలరి ఊరు వీరాంపట్టినంలో ఇంజను పడవలు ఎక్కువయ్యాయి. పడవ నడిపేవాడి చేతి దగ్గర రెండు పిడులు. ఒకటి వేగానికి, ఒకటి గేరుకు. పిడి నుంచి ఇంజను దాకా చెక్కల కింద కేబుల్ పోతుంది. ఉప్పు దాన్ని తినేస్తుంది. ఏడాదికోసారి మార్చాలి. సైకిలు తీగలు మార్చేవాడు ఇదీ మారుస్తాడని కుప్పన్ అతన్ని పిలిచాడు. కుప్పన్ సొంత పడవ ఉన్న జాలరి. పట్టాభిరామన్ ఒక్కటే అడిగాడు. పడవ ఒడ్డుకు కట్టి ఉండాలి.

అతను పాత కేబుల్‌ను లాగి పారేయడు. దాని చివరకు కొత్తదాన్ని నూలుతాడుతో కడతాడు. ఇంజను వైపు కూర్చుని పాతదాన్ని మెల్లగా లాగుతాడు. పాతది బయటికి వచ్చేసరికి కొత్తది అదే దారిలో వచ్చి ఉంటుంది. మలుపు వస్తే ఆగి, చెక్కకు చెవి ఆనించి వింటాడు.

"బిడ్డ పుట్టేది వింటా ఉండావా, శెట్టియార్?" అనేవాడు కుప్పన్.

"నువ్వు ఊరకుంటే పుడతాది."

ఎనభై మూడులో, తమిళుల ఆడి నెలలో, కుప్పన్ పడవ ఏరు సముద్రంలో కలిసే చోట, ఏటి ముఖంలోకి వస్తూ ఉంది. వేగం తగ్గించబోతే పిడి కదల్లేదు. పడవ అదే ఊపులో ఇసుక మేటకు కొట్టుకుంది. కుప్పన్ ఎడమ చెయ్యి విరిగింది. కంపెనీ సరుకు మోసమని అందరూ అన్నారు. కుప్పన్ కూడా అదే అన్నాడు. కేబుల్‌ను ఇంజను దగ్గర ఒక ముక్క కోయించి పట్టాభిరామన్‌కు పంపించాడు.

అతను దాన్ని ఇంటి అరుగు మీద కోశాడు. లోపల గోధుమరంగు జిగురు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచి తెలిసిన వాసన. సైకిలు తీగ పక్కన వేడి ఇంజను ఉండదు. ఇక్కడ ఆముదం కాగి, చిక్కబడి, తీగను పట్టేసుకుంది.

"అన్నం చల్లారిపోతా ఉండాది. ఏంది అట్లే కూర్చుండావు?" అంది భార్య సౌభాగ్యం.

"తప్పు నాది."

"కంపెనీది అని వాళ్ళే చెప్తా ఉండారు గదా."

"వాళ్ళకి తెల్దు."

"తెల్దంటే నువ్వెందుకు పోయి చెప్పేది?"

"ఇంకా ఆరు పడవల్లో ఇదే ఉండాది."

ఆమె కంచం తెచ్చి ముందు పెట్టింది.

"తినేసి పో. కడుపు ఖాళీగా ఉంటే సరిగ్గా చెప్పలేవు."

కుప్పన్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. చెయ్యి మెడకు కట్టి ఉంది. పట్టాభిరామన్ నిలబడే చెప్పాడు. కోసిన ముక్క చూపించాడు. కుప్పన్ వేలితో జిగురు తీసి చూశాడు.

"తలకి రాసుకునేది నా పడవకి రాసినావా?"

"రాసినాను."

"ఆరు పడవలు రేపు పోవాల్సినవి."

"పోవద్దని చెప్పు. అన్నీ నేనే మారుస్తా. మీకు నమ్మకముంటే."

"నమ్మకం నోటితో చెప్తే వస్తాదా? ముందు నాది మార్చు. మార్చినాక నువ్వే పిడి పట్టుకోని ఏటి ముఖం దాటించు."

"నాకు ఈత రాదు, కుప్పా."

"ఒంటి చేత్తో నాకూ రాదు. నేనూ ఎక్కతా."

ఆరు పడవలూ ఒడ్డునే ఆగాయి. వాటి మనుషులు అతనికి వినబడేలాగే తిట్టారు. కుప్పన్ పడవను సరిచేసి నీళ్ళలోకి దింపారు. పట్టాభిరామన్ ఎప్పటిలాగే పాతదానికి కొత్తది కట్టాడు, లాగాడు, విన్నాడు. ఈసారి ఆముదం సీసా ఇంటి దగ్గరే ఉంది.

ఏటి ముఖంలో మొదటి అల పడవను ఎత్తింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"కండ్లు తెరు, శెట్టియార్. పడవ నాది."

తెరిచాడు. పిడిని వెనక్కి లాగాడు. ఇంజను నెమ్మదించింది. ముందుకు తోశాడు. పరుగెత్తింది. మళ్ళీ లాగాడు. నెమ్మదించింది. పది సార్లు చేశాక పక్కకు వంగి సౌభాగ్యం పెట్టిన అన్నమంతా కక్కాడు.

కుప్పన్ పిడి అందుకోలేదు.

"కక్కేది అయినాక పడవ తిప్పు," అన్నాడు. "ఆ ఆరింట్లో ముని పడవ రేపు. వాడూ నిన్ను ఎక్కించుకునే పోతాడంట."

ఆరు రోజులు ఆరు పడవలు ఎక్కాడు పట్టాభిరామన్. భయం పోలేదు. అన్నం మాత్రం కట్టించుకుపోయి, ఒడ్డుకు వచ్చాక తినేవాడు.