మొర్రికంచె కావలి

దొర పట్నం పారిపోయిన ఏడు ఎల్లక్కకు సంతోషం మూడు రోజులే నిలిచింది. నాలుగో రోజు మొర్రికంచె కావలి మంగ్లీకి దక్కింది.

కొడకండ్ల దాపున ఉన్న ఆ ఊరికి ఎల్లక్క పన్నెండేళ్లప్పుడు కోడలిగా వచ్చింది. ఇంట్లో కంటే కంచెలోనే ఎక్కువ బతికింది. కంచె అంటే ముళ్లకంప అనుకునేరు! ఆ దిక్కున కంచె అంటే ఊరుమ్మడి మేతభూమి. అరవై ఎకరాల గడ్డి, మొర్రిచెట్లు, తునికి, రేల, సీతాఫలం. ఎల్లక్క మొగుడు సమ్మయ్య దానికి కావలి. దొర కన్ను పడ్డాక అది వేటతోట అయింది. చుట్టూ తుమ్మకంప పాతించి, పట్నం దోస్తులను పిలిచి, డేరాలు వేయించి కుందేళ్లను, కౌజుపిట్టలను కొట్టించేవాడు. పొదలు అదిలించడానికి సమ్మయ్యనే వెట్టికి పెట్టాడు. ఒకనాడు ఎవడో దోస్తు పేల్చిన గుండు సమ్మయ్య తొడలో దిగింది. పుండు మానక మనిషి పోయాడు. ఊరి పశువులు బాటల వెంట ఎండుటాకులు నమిలాయి.

గుతుపకర్రలు పట్టుకుని రైతుల సంఘం లేచి దొరను తరిమాక కంచె మళ్లీ ఊరిదయింది. ఊరంతా కూర్చుని మాట అనుకున్నారు. కోతలప్పుడు ప్రతి ఇల్లూ కళ్లం కాడ రెండు సోలల జొన్నలు కంచె పేరున తీసిపెట్టాలి. కావలిమనిషి తిండి, వాన కోసిన గండ్లు పూడ్చే కూలీల తిండి అందులోంచే. సగం కంచెలో పశువులు మేయాలి, మిగతా సగం గడ్డి విత్తు రాలేదాకా మూసి ఉండాలి. కావలి ఎవరన్న మాట వచ్చేసరికి ఎల్లక్క కొంగు నడుముకు దోపుకుని లేవబోయింది. తనను కాక ఇంకెవరిని పిలుస్తారు? పెద్దమనిషి గట్టయ్య గొంతు సవరించుకుని "మంగ్లీ" అన్నాడు.

మంగ్లీ తండా ఆడమనిషి. వేటకు వచ్చిన దొర మోటారుకు అడ్డంగా తన ఆవులను తోలి, తుపాకీ చూపినా కదలని గట్టిపిండం. ఆ ముచ్చట చెప్పుకుని చెప్పుకుని ఊరు మురిసిపోయింది. ఎల్లక్క విసవిసా ఇల్లు చేరింది. "ఒక్కపూట మోటారు ఆపినదానికి కంచెనా? పెనిమిటిని పోగొట్టుకున్నదానికి బూడిదెనా?" అని పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

ఆ తర్వాత ఆమెకు వేరే పని లేకపోయింది. మంగ్లీ ఎటు పోతే కళ్లు అటే. మూసిన సగంలో ఒక్క మేక దూరితే ఎల్లక్కకు పండుగ, దూరకపోతే పస్తు. ఖర్మ ఏమంటే, మంగ్లీ కావలి బాగా కాసింది. గడ్డి మోకాలెత్తు లేచింది. గడ్డి పెరిగినకొద్దీ ఎల్లక్క చిక్కిపోయింది. ఓర్వలేనితనానికి ఏ దవాఖానలో మందుంది?

కార్తీకంలో సంఘం సారు వచ్చాడు. కృష్ణ అవతలి మనిషి, బెజవాడ చదువు. మనసు మంచిదే గానీ, ఆయన మాట ఊరికి, ఊరి మాట ఆయనకు సగం సగమే అందేవి. ఎల్లక్క చల్లముంత పట్టుకుని ఆయన దిగిన ఇంటికి పోయింది.

"సారూ, మంగ్లీ నా బర్రెను అడుగు వెట్టనిస్తలేదు. గీ కంచెతోని జర పరేషాన్ అయితున్న," అంది.

సారు వాకిట్లోకి వచ్చి చూశాడు. ఎదురుగా మేతభూమి చుట్టూ దొర పాతించిన తుమ్మకంప ఇంకా అలాగే ఉంది. దానివైపు వేలు చూపించి, "దొర పోయాక కూడా ఆ కంచె ఎందుకమ్మా? తీసిపారెయ్యమనండి. నేను చెప్పానని చెప్పండి," అన్నాడు.

మేతభూమినే తీసెయ్యమంటున్నాడని ఎల్లక్క మొదట అనుకుంది. తర్వాత ఆ వేలు ఎటు చూపుతోందో చూసింది. కృష్ణ అవతల ముళ్లదడినే కంచె అంటారని ఊళ్లో నవ్వుకోగా ఆమె విన్నదే. అర్థమైంది. అర్థమైనా, వేలును అక్కడే వదిలేసి మాటను మాత్రం మూటగట్టుకుని బయలుదేరింది. కంచె పోతే మంగ్లీ కావలీ పోతుంది. అంతవరకే ఆలోచించింది.

"సారు కంచె తీసెయ్యమన్నడు," అని నేరుగా సాంసన్‌కు చెప్పింది. సాంసన్ సంఘం వలంటీర్లకు నాయకుడు. కంచె నడుమ చెట్లు కొట్టి చెడుగుడు మైదానం, ఆటపాటలకు ఒక అరుగు కట్టాలని అతని కోరిక. "ఆట ఏడనన్న ఆడొచ్చు, పశువు ఏడ మేస్తది?" అని గట్టయ్య అడ్డుపడుతూ వచ్చాడు. సారు మాట అనేసరికి సాంసన్‌కు రెక్కలొచ్చాయి. సారును అడుగుదామంటే, ఆయన అప్పటికే పాలకుర్తి దిక్కు పోయాడు.

మర్నాడు పొద్దున పదిహేను గొడ్డళ్లు మొర్రిచెట్ల కిందికి చేరాయి. వెనుకే ఊరూ చేరింది. మొదటి చెట్టు కూలింది. రెండోదీ కూలింది. కరువు ఏట సమ్మయ్య కుండతో నీళ్లు మోసి బతికించిన చెట్లవి. ఎల్లక్క ఒక్క అడుగు ముందుకు వేసి, మళ్లీ వెనక్కి తగ్గింది.

మూడో చెట్టు కాడికి మంగ్లీ వచ్చింది. అరవలేదు. కావలికర్ర గట్టయ్య ముందు పెట్టింది.

"నా కావలి నచ్చకనే గదా సారు దాక మాట పోయింది. నేను ఇడుస్తున్న బాపూ. ఎల్లక్కకు ఇయ్యుండ్రి, నాకంటె ఆమెకే చెట్లు ఎరుక. ఇంకొక్క చెట్టు కొట్టకుండ్రి, గంతే."

గొడ్డళ్లు ఆగాయి. ముసలి యాకమ్మ మంగ్లీ తల నిమిరి, "గీ కంచె ఇగ నీ పేరు మీదనే బతుకుతది బిడ్డా," అంది. గట్టయ్య కళ్లు తుడుచుకుని, సారు మళ్లీ వచ్చేదాకా ఎవరూ చెట్టు ముట్టొద్దని చెప్పి, కర్ర తీసి ఎల్లక్క చేతిలో పెట్టాడు.

ఇన్ని నెలలు కలవరించిన కర్ర. తీరా చేతికి వచ్చేసరికి ఊరు ఊరంతా మంగ్లీనే చూస్తోంది. ఎల్లక్క ఒళ్లు భగ్గుమంది. మొగుడి నెత్తురు తాగిన కంచె రేపటి నుంచి మంగ్లీ కాపాడిన కంచె అవుతుందా? పుట్టబోయేవాళ్లకు కూడా అలాగే చెబుతారా? సిగ్గూ కాదు, పాపభీతీ కాదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే, అచ్చమైన కుళ్లే ఆమె నోరు తెరిపించింది.

"ఆగుండ్రి! సారు చెప్పింది కంచె ముచ్చట కాదు, కంప ముచ్చట! దొర కంప దిక్కు ఏలు వెట్టి సూపిండు. నాకు ఎరుకే. ఎరుకుండి గూడ మాట మింగిన!"

సాంసన్ కూలిన చెట్లను చూసి గొడ్డలి కింద పారేశాడు. యాకమ్మ తుపుక్కున ఉమ్మింది. గట్టయ్య కర్ర లాక్కుని తిరిగి మంగ్లీకి ఇచ్చాడు. జనం ఎల్లక్కను తిట్టుకుంటూనే తుమ్మకంప పీకడానికి కదిలారు.

చెట్ల కాడ ఇద్దరే మిగిలారు.

"నోరు మూసుకుంటే కావలి నీకే ఉంటుండె గద అక్కా. ఎందుకు చెప్పినవ్?" అని మంగ్లీ అడిగింది.

"కావలి నాకుంటుండె, పేరు నీకుంటుండె. గది నేను సచ్చినా ఓర్వ," అంది ఎల్లక్క.

ఎల్లక్క కూలిన మొద్దు పక్కన చతికిలబడి, దాన్ని రెండు చేతులా తడుముతూ, సమ్మయ్య పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చింది.