డిపో మేనేజరుకి రాసిన అర్జీ

నిన్న మనవరాలికి ఇంకు సీసా కొని, మూత తీసి వాసన చూశాను. వెంటనే మా సువార్తమ్మ టీచర్ గారు గుర్తొచ్చారు. ఇంకుపెన్ను కారి వేళ్లన్నీ నీలమయ్యేవి, మీకూ గుర్తుండే ఉంటుంది.

ఎనభైల్లో మేం ఆరుగురు ఆడపిల్లలం మిరపచేల గట్ల మీద నడిచి సత్తెనపల్లి హైస్కూలుకి వెళ్లేవాళ్లం. మా ఊరి దగ్గర బస్సు ఆగేది కాదు. ఆపమని డిపో మేనేజరు గారికి నేనే అర్జీ రాశాను. రెండు పేజీల నిండా మా కష్టాలు, ఆయన దయాగుణం.

టీచర్ గారు చదివి, "బాగానే ఏడిపించావు గానీ, బస్సు ఎక్కడ ఆపాలో ఏదమ్మాయ్ ఇందులో?" అన్నారు.

వెతికాను. ఊరి పేరే రాయలేదు.

"నువ్వే మేనేజరువనుకుని చదువు. ఆయనకేం తెలియాలో అదే రాయి."

ఊరు, వేళ, ఎంతమందిమి అన్నవే రాస్తే అర్జీ ఐదు వాక్యాలైంది. అందరం సంతకాలు పెట్టాం.

నెల తిరక్కుండానే బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "అర్జీ రాసిన పిల్లెవరు?" అన్నాడు. భయంతో నేను స్నేహితురాళ్ల వెనక్కి నక్కాను.

"ఇదేనండి," అంటూ మా రహీమా నన్ను ముందుకు తోసింది.

"మేనేజరు గారికి ఒక్కసారి చదవగానే అర్థమైందంట. ఎక్కండమ్మా."

ఆ రోజు ప్యూను కంటే ముందే స్కూలుకి చేరాం. అతనొచ్చి తాళం తీసేదాకా గేటు ముందు నిలబడి నవ్వుతూనే ఉన్నాం.