ఆడోళ్ల దిక్కు తలుపు

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయిన కొత్తల సంగతి. బీదర్‌ల జనవాడ పోయే బస్సెక్కిన. వెనక తలుపు గొళ్లెం విరిగిందని కండక్టర్ దాన్ని తాడుతోటి కట్టేసిండు. నా పక్కన కూసున్న పెద్దామె లేసి, పండ్లతోటి కొరికి ఆ ముడి ఇప్పింది. తలుపును చేత్తోటి పట్టుకొని అక్కడనే నిలబడ్డది.

"తెరుసుకుంటే పడిపోతవమ్మా," అన్నడు కండక్టర్.

"పడితే నేనొక్కదాన్నే పడుత. కట్టకు నాయనా."

నా మెడల సిలువ చూసి మాట కలిపింది. వాళ్ల ఊరి ప్రార్థన జాతరల ఆడోళ్లకు వేరే పందిరి ఏస్తరట. ఒకేడు మొగపిల్లలు జొరబడుతరని సంఘపెద్దలు ఆ దిక్కు తడిక తలుపును బయటినుంచి తాడుతోటి కట్టిపిచ్చిన్రు. వంటపొయ్యి నిప్పురవ్వ పందిరికి అంటుకుంది. బయటి ముడి లోపలోళ్లకు అందలే. తొక్కిసలాటల ఆమె చెల్లె పోయింది.

"దేవుని చిత్తమన్నరు బిడ్డా. ఆ తాడు దేవుడు కట్టిండా?"

జనవాడల దిగేదాకా ఆమె ఆ తలుపు ఇడువలే.

మరుసటేడు ఆ జాతరకు నేను గూడ పోయిన. ఆ తొక్కిసలాటల సచ్చిపోయినోళ్ల పేర్లు చెక్కిన రాయికి దండేసిన్రు, అందరం తలలు వంచి ప్రార్థన చేసినం. తర్వాత ఆడోళ్ల పందిట్లకు పోయి కూసున్న. తడిక తలుపు పోయి ఇనుప గేటొచ్చింది. గేటుకు బయట తాళమేసిన్రు. తాళంచెవి మొగోళ్ల పందిట్ల, ప్రార్థన చెప్పిన పెద్దమనిషి జేబుల ఉన్నది.